హాస్టల్ మెనూలో పీచుకు కూడా ఒక గడి పెట్టండి

విజయనగరం జిల్లాలో బడి భోజనం, ప్రభుత్వ వసతి గృహాల మెనూ చూసే అధికారులకు, వార్డెన్లకు, మండలాల వైద్యాధికారులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన లెక్చరర్ని. మా మండలంలోని ఒక ప్రభుత్వ హాస్టల్లో సాయంత్రం పూట పిల్లలకు సైన్సు చెబుతుంటాను. హాస్టల్ పేరు ఇక్కడ రాయను. ఇది ఒక వార్డెన్ మీద ఫిర్యాదు కాదు. ఆ వార్డెన్ గారు పిల్లల్ని బాగానే చూసుకుంటారు, వచ్చిన సరుకుతో రాసిచ్చిన మెనూ వండిస్తారు. మా తగువంతా ఆ మెనూతోనే.

ఆరు, ఏడు తరగతుల పిల్లలు కడుపునొప్పి అంటూ పాఠం మధ్యలో లేచిపోతుంటారు. గుచ్చి అడిగితే తలొంచుకుని, "మోషన్ రావట్లేదు సార్" అంటారు. కొందరికి మూడు నాలుగు రోజులకోసారి. ఆడపిల్లలు నాతో అదీ చెప్పరు, సెలవుకి ఇంటికెళ్లినప్పుడు అమ్మకు చెప్పుకుంటారు. ఆసుపత్రికి తీసుకెళ్తే సిరప్ రాస్తారు. సీసా ఉన్నన్నాళ్లు బాగుంటుంది, తర్వాత మళ్లీ మామూలే.

తల్లిదండ్రులతో కలిసి సోమవారం గ్రీవెన్సులో అర్జీ పెట్టాం. పిల్లల భోజనంలో పీచు చాలడం లేదు, చోళ్లు (రాగులు), పప్పుధాన్యాలు, ఆకుకూరలు పెంచండి అని అడిగాం. కొన్నాళ్లకు ఫోనుకు మెసేజ్ వచ్చింది, అర్జీ పరిష్కారమైందని. ఏం పరిష్కరించారా అని చూస్తే రెండు వాక్యాలున్నాయి. మెనూ ప్రకారమే వడ్డిస్తున్నారు. క్యాలరీలు, ప్రొటీన్లు నిబంధనల మేరకు ఉన్నాయి. అర్జీని మళ్లీ తెరిపించాం. మళ్లీ అవే రెండు వాక్యాలు, కింద తేదీ మాత్రం కొత్తది. మేం అడిగింది పీచు గురించి. ఆ మాట జవాబులో ఎక్కడా లేదు.

అందుకే అందరి ముందూ రాస్తున్నాను. పీచంటే అరగకుండా బయటికి పోయే చెత్త అనే అభిప్రాయం ఆఫీసుల్లోనే కాదు, చదువుకున్న ఇళ్లలోనూ ఉంది. అది చెత్త కాదని చెప్పడానికి కొంచెం పాఠం చెప్పాల్సి వస్తుంది. ఓపిక పట్టండి.

అన్నంలోని పిండి పదార్థమూ, ఆకుల్లో కాడల్లో ఉండే సెల్యులోజూ రెండూ గ్లూకోజు అణువులు వరసగా అతుక్కున్న పొడవాటి గొలుసులే. తేడా అతుకులో ఉంది. పిండిలో ఉండేది ఆల్ఫా అతుకు, సెల్యులోజులో ఉండేది బీటా అతుకు. ఆల్ఫా అతుకును కోసే అమైలేజ్ అనే ఎంజైము మన లాలాజలంలో ఉంది, క్లోమరసంలోనూ ఉంది. అందుకే పాలిష్ పట్టిన బియ్యపు అన్నం చిన్నపేగు దాటేలోపే దాదాపు మొత్తం గ్లూకోజై రక్తంలో కలిసిపోతుంది. సెల్యులోజులోని బీటా అతుకును కోసే ఎంజైము మనిషి ఒంట్లో తయారవదు. ఆ మాటకొస్తే ఆవు ఒంట్లోనూ తయారవదు, దాని పొట్టలోని సూక్ష్మజీవులే ఆ పని చేసిపెడతాయి.

మొక్కల కణాల గోడల్లో సెల్యులోజు ఒక్కటే ఉండదు. జామకాయలో పెక్టిన్ ఉంటుంది. చోళ్లు, గంటెల (సజ్జల) పైపొరలో అరబినోజైలాన్లు ఉంటాయి. పచ్చి అరటికాయలో ఉండే పిండిలో కొంత భాగం మన అమైలేజ్‌కు లొంగదు. ఇవన్నీ పాలిశాకరైడ్లే, అంటే చక్కెర అణువుల పెద్ద గొలుసులు. ఒక్కోదాని అతుకులు వేరు, కొమ్మలు వేరు. తిండిలోని ఇలాంటి గొలుసులను, జంట చక్కెరలను కోయడానికి మనిషి జన్యువుల్లో ఉన్న ఎంజైములు మహా అయితే 17. అవి కూడా పిండి, పంచదార, పాలచక్కెర దగ్గరే ఆగిపోతాయి. మన పెద్దపేగులో కాపురముండే బ్యాక్టీరాయిడిస్ థెటాయోటావోమైక్రాన్ అనే ఒక్క బ్యాక్టీరియాకు ఇలాంటి ఎంజైముల జన్యువులు రెండు వందలకు పైగా ఉన్నాయి. దాని జన్యుక్రమాన్ని 2003లో ప్రచురించారు. (ఆ పేరు తడుముకోకుండా పలకగలరా అని మా పిల్లలు పందాలు వేసుకుంటారు.) ఏ పీచు వస్తే దానికి తగ్గ ఎంజైములనే అది పనిలోకి దింపుతుంది. గొలుసును తన ఒంటి మీద పట్టుకుని, చిన్న ముక్కలు చేసి, లోపలికి లాక్కుంటుంది.

జపాన్ వాళ్ల సంగతి ఒకటి చెప్పాలి. సముద్రపు నాచులోని ఒక పాలిశాకరైడ్‌ను కోసే ఎంజైము జన్యువులు జపాన్ ప్రజల పేగు బ్యాక్టీరియాలో ఉన్నాయని, అవి సముద్రంలో బతికే బ్యాక్టీరియా నుంచి వచ్చి చేరాయని 2010లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు చూపించారు. తరతరాలుగా తిన్న నాచుతోపాటు ఆ జన్యువులూ పేగుల్లోకి చేరాయన్న మాట. మన జిల్లాలో తరతరాలుగా తిన్నది చోడి అంబలి, గంటె అన్నం, ఉలవలు, బొబ్బర్లు, గోంగూర. మన పేగుల్లోనూ దానికి తగ్గవే స్థిరపడి ఉంటాయి కదా. ఇప్పుడు హాస్టల్లో చేరిన పిల్లాడికి ఆ తిండి ఒక్కసారిగా ఆగిపోతోంది.

పెద్దపేగులో జరిగేది పులియడం. అక్కడ గాలి ఆడదు. మనిషి ఒంట్లో ఉండే బ్యాక్టీరియా సుమారు 38 లక్షల కోట్లని 2016లో లెక్క వేశారు, వాటిలో అత్యధికం పెద్దపేగులోనే. రూమినోకాకస్ బ్రోమీ అనే బ్యాక్టీరియా అమైలేజ్‌కు లొంగని మొండి పిండిని ముందుగా విరుస్తుంది. అది విరవకపోతే పక్కవాటికి ముక్కలు దొరకవు. ఆ ముక్కలను తిని వేరేవి అసిటేట్, ప్రొపియొనేట్, బ్యూటిరేట్ అనే చిన్న కొవ్వు ఆమ్లాలను వదులుతాయి. ప్రొపియొనేట్‌ను ఎక్కువగా కాలేయం తీసుకుంటుంది. అసిటేట్ రక్తంతోపాటు ఒంటి నిండా తిరుగుతుంది. బ్యూటిరేట్ మాత్రం చాలావరకు అక్కడికక్కడే ఖర్చవుతుంది. పెద్దపేగు లోపలి గోడ కణాలకు కావలసిన శక్తిలో సింహభాగం దాని నుంచే వస్తుంది. అంటే మనం తిన్న అన్నం నేరుగా పోషించని కణాలు మన ఒంట్లోనే ఉన్నాయి. వాటి కూడు పీచు నుంచి, బ్యాక్టీరియా చేతుల మీదుగా రావాలి.

ఈ ఆమ్లాల వల్ల పేగు లోపల పులుపు పెరిగి కొన్ని జబ్బు క్రిములకు అక్కడ నిలదొక్కుకోవడం కష్టమవుతుంది. పీచు నీటిని పట్టి ఉంచుతుంది, దాన్ని తిని పెరిగిన బ్యాక్టీరియా మలానికి బరువునిస్తుంది. మలంలోని నీరు తీసేసి తూస్తే మిగిలిన దానిలో సగం దాకా బ్యాక్టీరియాయే ఉంటుంది. మెత్తగా, సాఫీగా అవడానికి కారణం ఇదే. ఇంకో మాట. పులిసే పీచు గ్రాముకు దాదాపు రెండు క్యాలరీలు మన ఒంటికి అందుతాయి. మీరు క్యాలరీల గడి నింపుతున్నారు కదా, అందులో కూడా పీచుకు వాటా ఉంది.

మరి పీచు అందకపోతే ఈ బ్యాక్టీరియా ఏం చేస్తుంది? 2016లో వచ్చిన ఒక అధ్యయనంలో మనిషి పేగు బ్యాక్టీరియా ఉన్న ఎలుకలకు పీచు లేని తిండి పెట్టారు. మేత లేని పశువు పాక కప్పు మీద గడ్డి పీక్కుతిన్నట్టు, ఆ బ్యాక్టీరియా పేగు గోడకు కాపలాగా ఉండే జిగురు పొరను తినడం మొదలుపెట్టింది. ఆ జిగురు కూడా చక్కెర గొలుసులతో చేసిందే మరి. పొర పలచబడ్డాక, పేగు జబ్బు తెచ్చే క్రిమిని ఎక్కిస్తే పీచు తిన్న ఎలుకల కంటే ఇవి ఎక్కువ జబ్బుపడ్డాయి. అదే ఏడాది వచ్చిన ఇంకో అధ్యయనం నాకు నిద్ర పట్టనివ్వలేదు. పీచు తక్కువ పెట్టిన ఎలుకల్లో బ్యాక్టీరియా రకాలు తగ్గిపోయాయి. వాటి పిల్లల్లో ఇంకా తగ్గాయి, నాలుగో తరానికి మరీ తగ్గాయి. ఆ తర్వాత పీచు తిరిగి పెట్టినా పోయినవన్నీ వెనక్కి రాలేదు. ఇవి ఎలుకల మీద చేసినవి, మనుషులకు అచ్చు గుద్దినట్టు వర్తిస్తాయని నేననను. కానీ మనుషుల మీద చేసినవి కూడా ఉన్నాయి.

2010లో ఇటలీ శాస్త్రవేత్తలు ఆఫ్రికాలోని బుర్కినా ఫాసోలో ఒక పల్లె పిల్లలను, ఫ్లారెన్స్ నగరం పిల్లలను పోల్చి చూశారు. ఆ పల్లె పిల్లల తిండి ఏమిటో తెలుసా? గంటెలు, జొన్నలు, బొబ్బర్లు, కూరగాయలు. మన గంట్యాడ, మెంటాడ, బొండపల్లి పల్లెల్లో పాతకాలపు వంటిల్లు చూసినట్టే ఉంది. ఆ పిల్లల మలంలో సెల్యులోజునూ, జైలాన్ అనే ఇంకో రకం పీచునూ విరిచే బ్యాక్టీరియా ఎక్కువగా కనిపించింది. చిన్న కొవ్వు ఆమ్లాలు కూడా ఎక్కువే. ఫ్లారెన్స్ పిల్లల్లో ఆ బ్యాక్టీరియాలో కొన్ని అసలు లేవు. 2015లో వచ్చిన ఇంకో పరిశోధనలో అమెరికాలోని ఇరవై మంది నల్లజాతీయులకూ, దక్షిణాఫ్రికా పల్లెల్లోని ఇరవై మందికీ రెండు వారాలపాటు తిండి అటూ ఇటూ మార్చారు. పీచు ఎక్కువ తిన్న అమెరికా వాళ్ల పెద్దపేగులో బ్యూటిరేట్ తయారీ రెండున్నర రెట్లయింది. మాంసం, కొవ్వు తిండికి మారిన పల్లె వాళ్లలో సగానికి పడిపోయింది. పట్టింది రెండు వారాలే. హాస్టల్లో పిల్లాడు ఉండేది ఐదేళ్లు.

ఇక మన పళ్లెం సంగతి. ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు మధ్యాహ్న భోజనంలో కేంద్రం ఏనాడో పెట్టిన లెక్క 700 క్యాలరీలు, 20 గ్రాముల ప్రొటీన్. సరుకుగా చెప్తే 150 గ్రాముల బియ్యం, 30 గ్రాముల పప్పు, 75 గ్రాముల కూరగాయలు. జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం నూరు గ్రాముల పాలిష్ బియ్యంలో పీచు 2.8 గ్రాములు. అదే చోళ్లలో 11 దాటుతుంది, గంటెల్లోనూ అంతే. కందిపప్పులో 9. నేను కూర్చుని లెక్క వేస్తే ఆ భోజనంలో పీచు తొమ్మిది గ్రాములు వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పినది పదేళ్లు దాటిన పిల్లలకు రోజుకు కనీసం 25 గ్రాములు, ఆరు నుంచి తొమ్మిదేళ్ల వాళ్లకు 21. కాబట్టి కాగితం మీద చూస్తే మరీ దారుణమేమీ కాదు. కానీ ఆ పప్పు సాంబారులో ఎన్ని నీళ్లకు పలచబడుతుందో, కూరలో బంగాళాదుంప ఎంత, ఆకుకూర ఎంత అన్నది కాగితం చెప్పదు. పొద్దున ఉప్మా, రాత్రి మళ్లీ తెల్లన్నం. నేను చూసిన పళ్లేల్లో రోజు మొత్తానికి పదిహేను గ్రాములు దాటడం కష్టమే.

మీరు చేసిన మంచి పనులు మరచిపోలేదు. 2023 మార్చి నుంచి బడుల్లో వారానికి మూడు రోజులు రాగిజావ మొదలైంది. 2025 జూన్ నుంచి సన్నబియ్యం ఇస్తున్నారు, పిల్లలు అన్నం పారేయడం తగ్గింది, సంతోషం. బియ్యంలో ఐరన్, ఫోలిక్ ఆసిడ్, బి12 కలిపిన గింజలు కలుపుతూ వచ్చారు. వీటిలో ఏదీ పీచు లోటు తీర్చదు. పోషకాలు కలిపిన బియ్యమైనా పాలిష్ బియ్యమే. జావలో పది గ్రాముల పిండి పడితే పీచు ఒక గ్రాము, అదీ పిండిని మెత్తటి జల్లెడ పట్టి పొట్టు తీసేయకపోతే.

దీనివల్ల ఎవరు ఏం పోగొట్టుకుంటున్నారో రాస్తున్నాను.

1. కడుపునొప్పితో పిల్లాడిని ఇంటికి పంపితే తల్లికి ఆ రోజు ఉపాధి పని పోయినట్టే. మన జిల్లాలో చాలామంది తల్లిదండ్రులు హైదరాబాదు, చెన్నై వలసపోయి పిల్లల్ని హాస్టళ్లలో వదులుతారు. వాళ్ల ఇళ్లకు ఫోను వెళ్తే వచ్చేది అమ్మమ్మో నాయనమ్మో. ఆవిడ ఆటో కట్టించుకుని వచ్చి, పిల్లాడిని తీసుకుని ప్రైవేటు ఆసుపత్రికి పోతే స్కానింగు, పరీక్షలు, మందులు. చివరికి తేలేది మలబద్ధకం. పప్పు పెరిగితే అయ్యే ఖర్చు ఎక్కువని లెక్క వేసేవాళ్లు ఈ ఖర్చు ఎవరి జేబులోంచి పోతోందో కూడా చూడాలి.

2. ఆడపిల్లల పరిస్థితి వేరే చెప్పాలి. పొద్దున్నే ఒకే గంటలో అంతమందీ మరుగుదొడ్ల దగ్గర లైను కట్టాలి. నీళ్లు రాని రోజు ఇంకా కష్టం. ఆపుకోవడం అలవాటైపోతుంది. ఎంత ఆపుకుంటే మలంలోని నీటిని పెద్దపేగు అంత పీల్చేస్తుంది, గట్టిపడుతుంది, నొప్పికి భయపడి మళ్లీ ఆపుకుంటారు. బయటికి వెళ్లాల్సి వస్తుందని నీళ్లు తాగడం కూడా మానేసిన పిల్లలున్నారని తల్లులు చెప్పారు. ఇలాంటి చోట పీచు ఒక్కటీ పెంచి, నీళ్లూ దొడ్లూ అలాగే ఉంచితే మేలు జరగకపోగా గట్టిపడటం ఎక్కువ కావచ్చు. ఈ రెండూ కలిపి చూడాల్సిందే. నా మట్టుకు ఈ లేఖలో అన్నిటికన్నా ముఖ్యమైన అంశం ఇదే.

3. చదువు. కడుపు బిగుసుకున్న పిల్లాడికి బీజగణితం ఎక్కదు.

4. రైతు. మన విజయనగరం వ్యవసాయ పరిశోధనా స్థానం చోడి వంగడాలను తయారుచేసి వాటికి చంపావతి, వేగావతి అని మన నదుల పేర్లే పెట్టింది. 2025-26కి చోళ్ల మద్దతు ధర క్వింటాలుకు 4,886 రూపాయలు, ధాన్యానికి ఉన్న 2,369కి రెట్టింపు పైనే. కానీ దగ్గర్లో కొనేవాడు లేకపోతే ఆ అంకె రైతుకు ఎందుకూ పనికిరాదు. ఊళ్లో చోళ్లు పండే చోటే హాస్టల్ ఉంటుంది, ఆ హాస్టల్లో చోడి ముద్ద ఉండదు. ఇదేం లెక్కో నాకు అర్థం కాదు.

5. రేపటి జబ్బులు. పీచు బాగా తినేవాళ్లలో షుగరు, గుండెజబ్బు, పెద్దపేగు క్యాన్సరు తక్కువగా కనిపిస్తున్నాయని చాలా దేశాల అధ్యయనాలు చెబుతున్నాయి. పన్నెండేళ్ల పిల్లాడి నాలుక ఇప్పుడు దేనికి అలవాటుపడితే ముప్పై ఏళ్లప్పుడు అదే అడుగుతుంది. షుగరు మాత్రలు కొనాల్సింది అప్పుడు వాళ్లే.

వంటవాళ్ల నుంచి, కొందరు సిబ్బంది నుంచి ఒక అభ్యంతరం వచ్చింది. ఉలవలు, బొబ్బర్లు పెడితే పిల్లలకు గ్యాస్ పడుతుందని. అబద్ధం కాదు. పప్పుధాన్యాల్లో రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలుంటాయి. వాటిని కోసే ఎంజైము మన చిన్నపేగులో లేదు, అందుకని అవి నేరుగా పెద్దపేగుకు చేరి పులిసి గాలి పుట్టిస్తాయి. రాత్రంతా నానబెట్టి ఆ నీళ్లు పారబోసి ఉడికిస్తే చాలా భాగం తగ్గుతుంది. ఒక్కసారిగా పెంచకుండా వారానికి కొంచెం చొప్పున పెంచితే పేగులోని బ్యాక్టీరియాకూ అలవాటుపడే సమయం దొరుకుతుంది. మొదటి వారం నాలుగు జోకులు వేసుకుంటారు పిల్లలు, వేసుకోనీయండి.

ఇంకొందరు పెద్దలు చద్దన్నం పెట్టమని సలహా ఇచ్చారు. వండిన అన్నం చల్లారితే అందులో కొంచెం పిండి గట్టిపడి అమైలేజ్‌కు లొంగకుండా పోతుందనేది నిజమే. ఆ లాభం కొద్దిపాటిదే. వందల మందికి వండే హాస్టల్లో రాత్రి అన్నం పొద్దుటికి దాచి పెడితే ఫుడ్ పాయిజన్ అవుతుందని నాకు టెన్షన్. ఇంట్లో తినండి, హాస్టల్లో వద్దు.

ఇప్పుడు మేం అడిగేవి.

1. హాస్టల్ మెనూ పట్టికలో క్యాలరీలు, ప్రొటీన్ల పక్కన పీచు గ్రాముల గడి ఒకటి చేర్చండి. దీనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, డబ్బూ అక్కర్లేదు. జాతీయ పోషకాహార సంస్థ పట్టిక పక్కన పెట్టుకుని ఒక పూట కూర్చుంటే అయిపోతుంది. అంకె కనబడితే ఎవరో ఒకరు అడుగుతారు.

2. రోజుకు ఒక పూట బియ్యంలో 50 గ్రాములు తగ్గించి ఆ మేరకు చోళ్లు, గంటెలు, సామల్లో ఏదో ఒకటి ఇవ్వండి. చోళ్లయితే ఈ ఒక్క మార్పుతో పీచు నాలుగు గ్రాములు పెరుగుతుంది. సాయంత్రం 30 గ్రాముల బొబ్బర్లు గుగ్గిళ్లుగా పెడితే ఇంకో మూడు. ఒక జామకాయ ఇస్తే ఎనిమిది దాకా. మూడూ కలిపితే పదిహేను గ్రాములు. ఒకే రకం పీచు కాదు, మూడు రకాల పీచు. పేగులో మూడు రకాల బ్యాక్టీరియాకు పని దొరుకుతుంది. అందుకే ఒకే రకం పీచుండే ఇసబ్‌గోల్ పొడి ప్యాకెట్లు పంచి చేతులు దులుపుకోవద్దని కూడా అడుగుతున్నాం.

3. జావకు పిండిని జల్లెడ పట్టొద్దని, వారంలో కనీసం నాలుగు రోజులు ఆకుకూర పప్పు ఉండాలని లిఖితపూర్వకంగా ఆదేశాలివ్వండి. హాస్టల్ ఆవరణలో మునగ చెట్లు వేయించండి. మునగాకులో నూరు గ్రాములకు ఎనిమిది గ్రాముల పీచుంది, ధర సున్నా. పెరటి అరటికాయ, కంద, చేమ, గోంగూర కాలాన్ని బట్టి మండలంలోనే కొనడానికి వార్డెన్లకు స్వేచ్ఛ ఇవ్వండి. బిల్లు పెట్టలేక వాళ్లు టమాటా, బంగాళాదుంపల దగ్గరే ఆగిపోతున్నారు.

4. చోళ్లను రైతు సేవా కేంద్రాల ద్వారా మద్దతు ధరకు కొని నేరుగా హాస్టళ్లకు మళ్లించండి.

5. ప్రతి హాస్టల్లో మరుగుదొడ్లు ఎన్ని పనిచేస్తున్నాయి, పిల్లలు ఎంతమంది, నీళ్లు ఏ వేళల్లో వస్తున్నాయి అనే మూడు అంకెలు నోటీసు బోర్డు మీద రాయించండి. పొద్దున గంట కొట్టే వేళలు తరగతులవారీగా అరగంట తేడాతో మార్చినా చాలు, లైను సగమవుతుంది. క్లాసు జరుగుతుండగా నీళ్లకు, దొడ్డికి వెళ్తామంటే ఏ టీచరూ ఆపకూడదని చెప్పండి.

6. వైద్యాధికారులకు ప్రత్యేకంగా ఒక మనవి. కడుపునొప్పితో హాస్టల్ పిల్లలు వస్తే ఏం తింటున్నారు, ఎన్ని నీళ్లు తాగుతున్నారు, ఎన్నాళ్లకోసారి వెళ్తున్నారు అని అడిగి రిజిస్టరులో రాయండి. ఒకే హాస్టల్ పేరు పదేపదే వస్తే పైకి తెలియజేయండి. అవసరం లేని యాంటీబయాటిక్ రాయకండి, అది జబ్బు క్రిమితోపాటు నేను పైన చెప్పిన పనివాళ్లనూ చంపుతుంది. బడి పిల్లల ఆరోగ్య పరీక్షల్లో మలబద్ధకం గురించి ఒక్క ప్రశ్న చేరిస్తే జిల్లా మొత్తం బొమ్మ కళ్లకు కడుతుంది.

ముందుగా ఒక్క మండలంలో, రెండు మూడు హాస్టళ్లలో ఒక టర్మ్ పాటు చేసి చూడండి. కడుపునొప్పి సెలవులు తగ్గాయో లేదో హాజరు పట్టీయే చెబుతుంది. లెక్కలు రాయడానికి, వంటవాళ్లకు నానబెట్టే పద్ధతి చెప్పడానికి నాలాంటి రిటైరైన టీచర్లం ఉన్నాం, జీతం అడగం.

ఈ లేఖ నకలును వచ్చే సోమవారం గ్రీవెన్సులో మళ్లీ అర్జీగా ఇస్తున్నాం. మెనూ ప్రకారమే వడ్డిస్తున్నారు అని ఈసారి కూడా రాయొచ్చు, కాదనం. దాని కింద ఆ మెనూలో పీచు రోజుకు ఎన్ని గ్రాములో కూడా రాయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ వృక్షశాస్త్రం లెక్చరర్,
హాస్టల్ పిల్లల తల్లిదండ్రుల తరఫున,
విజయనగరం జిల్లా